మూత ఎత్తగానే వైఫై రావట్లేదా? ఏ దారి ఎవరికి కుదురుతుందో చూద్దాం

మా మేనమామకి ముత్తుకూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి. మేత లెక్క, డీజిల్ లెక్క, ల్యాబ్ వాళ్ళిచ్చిన నీళ్ళ రిపోర్టు, అన్నీ ఒక పాత ల్యాప్‌టాప్‌లో గూగుల్ షీటులో ఎక్కిస్తాడు. రాత్రి మూత వేస్తాడు. తెల్లారుజామున ఐదింటికి మూత ఎత్తుతాడు, ఎత్తగానే నాకు ఫోను. “అల్లుడూ, మళ్ళీ ఆ భూగోళం బొమ్మొచ్చిందిరా. ఏంది దీని కత?”

భూగోళం బొమ్మంటే విండోస్‌లో కింద కుడి మూల వైఫై గీతలు ఉండాల్సిన చోట కనబడే గ్లోబు. ఇంటర్నెట్ లేదని దానర్థం. మామకి తెలిసిన వైద్యం ఒకటే, రీస్టార్ట్. అది పనిచేస్తుంది కూడా. కాకపోతే ఆ పాత హార్డ్ డిస్కు మీద మిషను లేచి కూర్చునే లోపల గుంటల చుట్టూ ఒక తిరుగుడు తిరిగి రావచ్చు.

చుట్టాల్లో, స్నేహితుల్లో కలిపి ఐదారు మిషన్లకి ఈ రోగం చూశాను. యూట్యూబ్‌లో వెతికితే ఇరవై మందులు చెబుతారు. అన్నీ వరసబెట్టి వాడితే ఏది పనిచేసిందో తెలియదు, పైగా బాగున్నది చెడొచ్చు. అందుకే మందులు చెప్పేముందు, దేన్ని చూసి ఎంచుకోవాలో చెబుతాను.

## ముందు ఫోను తీయండి

ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేసేముందు ఫోనులో మొబైల్ డేటా ఆపి, అదే వైఫైకి కలిపి ఏదైనా పేజీ తెరవండి.

ఫోనులోనూ రాకపోతే ల్యాప్‌టాప్‌ది తప్పు కాదు. రాత్రి కరెంటు పోయి వచ్చుంటుంది, రౌటర్ ఆగి మళ్ళీ మొదలై ఉంటుంది. ఫైబర్ పెట్టె, రౌటర్ విడివిడిగా ఉన్న ఇళ్ళల్లో ఒకటి ఇన్వర్టర్ ప్లగ్గులో, రెండోది మామూలు ప్లగ్గులో ఉండటం చాలాసార్లు చూశాను. నెల్లూరులో మా ఇంట్లోనే అట్టా ఉండేది. ఎండాకాలంలో కరెంటు పోయినప్పుడల్లా వైఫై గీతలు నిండుగా కనిపించేవి, నెట్ మాత్రం సున్నా. రెండింటినీ ఇన్వర్టర్ మీదికి మార్చాక ఆ గోల పోయింది. ఇన్వర్టర్ లేనివాళ్ళకి రౌటర్ కోసమే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి. చాలావాటికి 12 వోల్టులు, కొన్నిటికి 9 లేదా 5.

రౌటర్ తాలూకు ఇంకో సంగతి కూడా ఉంది. 5 గిగాహెర్ట్జ్ వైఫైలో 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్ళని రాడార్లతో పంచుకోవాలి. ఆ ఛానెల్ పెట్టిన రౌటర్ మొదలవగానే కనీసం 60 సెకన్లు రాడార్ చప్పుడుందేమో విని, ఆ తర్వాతే పేరు బయటపెడుతుంది. రాడార్ అనగానే మన శ్రీహరికోట గుర్తొచ్చినా, ఈ నియమానికీ దానికీ సంబంధం లేదు లెండి. కరెంటు వచ్చిన వెంటనే మూత ఎత్తితే 5 గిగాహెర్ట్జ్ పేరు కనబడక కంగారు పడేది అందుకే. రౌటర్ సెట్టింగుల్లో ఛానెల్‌ని 36, 40, 44, 48లో ఒకదానికి మార్చేస్తే ఆ నిమిషం ఎదురుచూపు ఉండదు.

ఇక ఫోనులో వస్తూ ల్యాప్‌టాప్‌లో రాకపోతే, వైఫై జాబితా తెరిచి చూడండి. పేర్లేవీ కనబడకపోయినా, అసలు వైఫై బటనే మాయమైనా, లోపలి వైఫై కార్డు నిద్ర లేవలేదన్నమాట. పేరు కనబడి, కలిసినట్టు చూపించి నెట్ రాకపోతే కార్డు లేచింది, చిరునామానే దొరకలేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో, అంటే ఆజ్ఞలు టైపు చేసే నల్ల కిటికీలో, ఐపీకాన్ఫిగ్ అని కొడితే ఐపీ అడ్రసు 169.254తో మొదలవుతుంటుంది. రౌటర్ ఏమీ ఇవ్వనప్పుడు విండోస్ తనకు తానే పెట్టుకునే నంబరది. దీనికి పెద్ద మందులక్కర్లేదు. ఆ వైఫైని డిస్‌కనెక్ట్ చేసి మళ్ళీ కనెక్ట్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

కింద చెప్పేదంతా కార్డు లేవని వాళ్ళ కోసం.

## మీ మిషనుది ఏ నిద్ర?

మూత వేస్తే మిషను నిద్ర (స్లీప్) పోతుంది. పాత పద్ధతి నిద్రని ఎస్3 అంటారు. మెమరీకి మాత్రం కరెంటు అందుతుంది, మిగతావి దాదాపు అన్నీ ఆగిపోతాయి. మూత ఎత్తగానే విండోస్ వైఫై డ్రైవర్‌ని (కార్డుని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) తట్టి లేపాలి, డ్రైవర్ కార్డుని లేపాలి. ఈ రెండో లేపుడు దగ్గర తడబడితేనే భూగోళం.

కొత్త పద్ధతి పేరు మోడరన్ స్టాండ్‌బై. ఫోను లాంటి నిద్ర: తెర నల్లగా ఉంటుంది, లోపల ప్రాణం కొంచెం ఆడుతుంటుంది, కొన్ని మిషన్లలో వైఫై కూడా కలిసే ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్, ఏ అని కొడితే మీదేదో చెబుతుంది. జవాబులో ‘ఎస్0 లో పవర్ ఐడిల్’ దొరుకుతుందని ఉంటే కొత్త పద్ధతి.

ఇది ఎందుకు తెలియాలంటే, ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలావాటికి కావలసిన మెనూలు కొత్త పద్ధతి మిషన్లలో కనబడవు. “పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబే లేదన్నా” అని మా పిన్ని కూతురు కావలి నుంచి ఫోన్ చేసింది ఇందుకే. తను తప్పు చోట వెతకలేదు, ఆ మిషనులో ఆ ట్యాబు నిజంగానే లేదు.

## ఏం చూసి ఎంచుకోవాలి

ఒకసారి చేస్తే చాలా, రోజూ చేయాలా. బ్యాటరీ ఎంత తింటుంది. అడ్మిన్ అనుమతి, అంటే మిషను సెట్టింగులు మార్చే హక్కు, మీ దగ్గర ఉందా, ఆఫీసు వాళ్ళ దగ్గరా. అందరూ అడిగే ప్రశ్నలు ఈ మూడే.

నేను అడిగేది నాలుగోది: ఏదైనా తేడా కొడితే, ఆ కీబోర్డు ముందు కూర్చున్న మనిషి వెనక్కి తిప్పగలడా? మామ విషయంలో నేను పక్కన ఉండను. ఆయన సర్దుకోలేని మందు ఎంత గొప్పదైనా ఆయనకి పనికిరాదు. నా వరకు ఈ ప్రశ్నే ముందు, మిగతావి తర్వాత.

## దారులు

చేత్తో తట్టడం. ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, పది సెకన్లాగి, తీసేయడం. అడ్మిన్ అనుమతి అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, చెడేదీ లేదు. వారంలో ఒకసారి వచ్చే ఇబ్బందైతే ఇక్కడితో ఆగిపోండి, నిజంగానే. రోజూ వచ్చేదైతే రెండో వారానికి విసుగొస్తుంది. ఇది పనిచేయకపోతే రీస్టార్టే. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం, రీస్టార్ట్ చేయడం ఒకటే అనుకుంటారు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా లోపలి వ్యవస్థని డిస్కు మీద దాచిపెట్టి, మళ్ళీ దాన్నే తెస్తుంది. రోగం కూడా దాంతోపాటే తిరిగి రావచ్చు. రీస్టార్ట్ అయితే మొదటి నుంచి మొదలుపెడుతుంది.

టిక్కు తీసేయడం. పాత పద్ధతి నిద్ర ఉన్నవాళ్ళు ముందు చేయాల్సింది ఇది. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ కొడితే కనబడే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్లు, అందులో మీ వైఫై కార్డు, ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటర్‌కి అనుమతినిచ్చే గడి మొదటిదే. ఆ టిక్కు తీసేయండి. దాంతోపాటు పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో వైర్‌లెస్ అడాప్టర్‌కి మ్యాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్ పెట్టండి. రెండు నిమిషాల పని, వెనక్కి తిప్పడం కూడా అంతే. బ్యాటరీ కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది. కొత్త డ్రైవర్ పడినప్పుడు టిక్కు మళ్ళీ వచ్చి కూర్చోవచ్చు. అందుకే నెలల తరవాత రోగం తిరగబెడితే ముందు అక్కడే చూడండి.

డ్రైవర్ మార్చడం. నిన్నటిదాకా బాగుండి, విండోస్ అప్‌డేట్ పడిన మర్నాటి నుంచి మొదలైతే అనుమానం దీనిమీదే. అదే డివైస్ మేనేజర్‌లో డ్రైవర్ ట్యాబులో రోల్ బ్యాక్ అనే బటన్ ఉంటుంది. అది వెలిగి ఉంటే నొక్కి పాతదానికి వెళ్ళండి. మసకగా ఉంటే వెనక్కి వెళ్ళడానికి పాత డ్రైవర్ మిగల్లేదని అర్థం. అప్పుడు ల్యాప్‌టాప్ కంపెనీ సైటులో మీ మోడల్ నంబరుకి ఉన్న డ్రైవర్ తెచ్చుకోవాలి. ఎప్పటి నుంచో ఉన్న రోగమైతే వెనక్కి కాదు, కొత్తదానికి వెళ్ళాలి.

ఇక్కడ జనం పడే గుంట ఒకటుంది. ఉన్న డ్రైవర్ తీసేశాక వైఫై ఉండదు, కొత్తది దించుకోవడానికి నెట్ ఉండదు. తీసేముందే కొత్తది దించి డెస్క్‌టాప్ మీద పెట్టుకోండి. అప్పటికే గుంటలో పడితే ఫోనుని యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ (ఫోను నెట్‌ని మిషనుకి పంచే సెట్టింగు) ఆన్ చేయండి, నెట్ వస్తుంది. డ్రైవర్లు వెతికి పెడతామనే ఊరూపేరూ లేని సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోవద్దు.

లేవగానే తానే తట్టుకునేలా చేయడం. మీరు రోజూ చేసే పనిని విండోస్‌కే అప్పజెప్పడం ఇది. విండోస్‌లోనే ఉండే టాస్క్ షెడ్యూలర్‌లో (చెప్పిన పని చెప్పిన సందర్భంలో తానే చేసేది) కొత్త టాస్క్ పెట్టి, ట్రిగ్గర్‌గా ‘ఆన్ ఏన్ ఈవెంట్’ ఎంచుకోవాలి. లాగ్ సిస్టమ్, సోర్స్ పవర్ ట్రబుల్‌షూటర్, ఈవెంట్ నంబరు 1. ఎస్3 నిద్ర లేచినప్పుడు విండోస్ రాసుకునే పద్దు అదే. మోడరన్ స్టాండ్‌బై మిషన్లలో సోర్స్ కెర్నల్ పవర్, నంబరు 507. చేయాల్సిన పనిగా పవర్‌షెల్‌లో (కమాండ్ ప్రాంప్ట్ లాంటిదే) రీస్టార్ట్, అడ్డగీత, నెట్‌అడాప్టర్ అనే ఆజ్ఞ, దాని పక్కన మీ అడాప్టర్ పేరు.

చేసినవాళ్ళలో సగం మంది “పనిచేయలేదు” అనడానికి కారణాలు రెండు. టాస్కుకి హయ్యెస్ట్ ప్రివిలేజెస్ టిక్కు పెట్టకపోవడం మొదటిది. రెండోది కండిషన్స్ ట్యాబులో ఉంటుంది: ఛార్జర్ పెట్టి ఉంటేనే ఈ పని చేయాలని అక్కడ ముందుగానే టిక్కు పెట్టి ఉంటుంది. దాన్ని తీయకపోతే టేబుల్ మీద చక్కగా పనిచేసి, బ్యాటరీ మీద మొండికేస్తుంది. ఎన్ని గంటలు కొట్టుకున్నా ఎందుకో అర్థం కాదు. నాకు ఒక ఆదివారం మొత్తం దీనికే పోయింది.

విండోస్ బదులు ఉబుంటు వాడేవాళ్ళకి ఇదే పని ఇంకా తేలిక. ఉబుంటులో లోపలి పనులు నడిపే సిస్టమ్‌డీ తాలూకు సిస్టమ్ స్లీప్ ఫోల్డరులో చిన్న స్క్రిప్టు పెడితే నిద్రకి ముందు ప్రీ అనీ, లేచాక పోస్ట్ అనీ మాట అందించి దాన్ని పిలుస్తుంది. పోస్ట్ వచ్చినప్పుడు వైఫై ఆపి వేయమనడమే. అంతకంటే ముందు నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగుల్లో వైఫై పవర్‌సేవ్ అంకెని 3 నుంచి 2కి మార్చి చూడండి. 2 అంటే పొదుపు వద్దని.

హైబర్నేట్. మెమరీలో ఉన్నదంతా డిస్కు మీద రాసి, కరెంటు పూర్తిగా ఆపేస్తుంది. మళ్ళీ ఆన్ చేస్తే తెరిచి పెట్టిన ఫైళ్ళు అక్కడే ఉంటాయి, వైఫై కార్డు మాత్రం మొదటి నుంచి మొదలవుతుంది. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో, మూత వేస్తే ఏం చేయాలన్న చోట స్లీప్ బదులు హైబర్నేట్ పెడితే చాలు. నిద్రలో బ్యాటరీ తినదు, బ్యాగులో వేడెక్కదు. లేవడం కొంచెం ఆలస్యం: ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేని వేగమైన డిస్కు) ఉంటే పట్టించుకోనంత, పాత హార్డ్ డిస్కయితే విసుగొచ్చేంత. మనవాళ్ళు దీన్ని ఎందుకో పరాయిదానిలా చూస్తారు. నా లెక్కలో ఉండాల్సినంత గౌరవం దీనికి దక్కలేదు.

పక్కదారి. కార్డుతో కొట్లాడటం మానేసి యూఎస్‌బీలో గుచ్చుకునే చిన్న వైఫై డాంగిలో, రౌటర్ నుంచి నేరుగా వచ్చే ల్యాన్ తీగో పెట్టుకోవడం. ఐదారు వందల నుంచి డాంగిల్ దొరుకుతుంది. యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అనే పొదుపు దాన్నీ నిద్రపుచ్చొచ్చు కనుక పవర్ ఆప్షన్స్‌లో దాన్ని ఆపేయాలి. రౌటర్ పక్కనే కూర్చునేవాళ్ళకి ల్యాన్ తీగను మించింది లేదు.

నెట్‌వర్క్ రీసెట్‌ని ఈ వరసలో కావాలనే పెట్టలేదు. దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ పోతాయి, వీపీఎన్ ఉంటే మళ్ళీ పెట్టుకోవాలి. నిద్ర లేవని కార్డుకి అది చేసే మేలు చాలా తక్కువ. అన్నీ అయిపోయాక, పాస్‌వర్డులు కాగితం మీద రాసుకుని చేయండి.

| దారి | ఎన్నిసార్లు | బ్యాటరీ మీద భారం | అడ్మిన్ అనుమతి | తేడా కొడితే |
|---|---|---|---|---|
| చేత్తో తట్టడం | ప్రతిసారీ | లేదు | అక్కర్లేదు | చెడేదేమీ లేదు |
| టిక్కు తీయడం | ఒకసారి | కొంచెం | కావాలి | టిక్కు మళ్ళీ పెడితే సరి |
| డ్రైవర్ మార్చడం | ఒకసారి, అప్‌డేట్ చెడగొట్టేదాకా | లేదు | కావాలి | తెలిసినవాళ్ళు ఉండాలి |
| తానే తట్టుకునే టాస్క్ | ఒకసారి | లేదు | కావాలి | పెట్టినవాళ్ళే తీయాలి |
| హైబర్నేట్ | ఒకసారి | నిద్రలో ఖర్చే లేదు | చాలా మిషన్లలో కావాలి | మళ్ళీ స్లీప్ పెడితే సరి |
| డాంగిల్, ల్యాన్ తీగ | ఒకసారి | డాంగిల్‌కి కొంచెం | మామూలుగా అక్కర్లేదు | పీకేస్తే సరి |

## ఇక ఎవరికి ఏది

ఒంగోలులో మా బావది గ్రానైట్ ఎగుమతుల ఆఫీసు. ల్యాప్‌టాప్ కంపెనీది, అడ్మిన్ అనుమతి హైదరాబాద్‌లో ఐటీ వాళ్ళ చేతిలో. వారం వారం పినాకినిలో నెల్లూరు వస్తూ రైల్లో మూత ఎత్తుతాడు, దించుతాడు. ఇట్టాంటివాళ్ళ చేతిలో ఉన్నది ఎయిర్‌ప్లేన్ మోడ్ ఒక్కటే. మిగతాది ఐటీ వాళ్ళ చేత చేయించుకోవాలి. ఊరికే “వైఫై రావట్లేదు” అని రాస్తే రీస్టార్ట్ చేయమని జవాబొస్తుంది. ఏ రోజు, ఎన్నింటికి మూత ఎత్తారు, ఫోనులో వచ్చిందా, మీది ఏ నిద్ర, ఈ నాలుగూ రాయండి. విండోస్‌లో డబ్ల్యూల్యాన్ రిపోర్ట్ అని ఒకటుంది, వెనకటి 3 రోజుల్లో వైఫై ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఎందుకు అని పేజీలా తీసిస్తుంది. దాన్ని తీయమని మీరే గుర్తుచేయండి. బావ రెండో మెయిలుకే డ్రైవర్ మార్చారు.

కావలి చెల్లెలిది ఇంజినీరింగ్ చదువు, మోడరన్ స్టాండ్‌బై ల్యాప్‌టాప్. క్లాసు నుంచి క్లాసుకి బ్యాగులో పెట్టుకు తిరుగుతుంది. ట్యాబు లేదు కాబట్టి టిక్కు దారి మూసుకుపోయింది. ముందు కంపెనీ సైటు నుంచి కొత్త డ్రైవర్, దాంతో తగ్గకపోతే 507 టాస్క్. చదువుకున్న పిల్ల, తేడా వస్తే తనే తీసేసుకుంటుంది. ఇదే టాస్కుని మామ మిషనులో పెట్టే ధైర్యం నేను చేయలేదు.

కందుకూరులో స్నేహితుడి జిరాక్స్ షాపుది డెస్క్‌టాప్. అక్కడ డాంగిల్ నిద్ర లేవక సతాయిస్తుంటే ల్యాన్ తీగ లాగించాను, కథ ముగిసింది. డెస్క్‌టాప్ ఉన్నవాళ్ళు ఇంకోటి గమనించండి. యూపీఎస్ లేకుండా నిద్రలో ఉండగా కరెంటు పోతే మెమరీలో ఉన్నది పోతుంది. పవర్ ఆప్షన్స్‌లో హైబ్రిడ్ స్లీప్ ఆన్‌లో ఉంటే డిస్కు మీద కూడా ఒక నకలు ఉంటుంది.

మ్యాక్ వాడేవాళ్ళు వైఫై ఆపి వేయడం, ఆ పేరుని మరిచిపొమ్మని చెప్పి మళ్ళీ కలపడం, మ్యాక్ఓఎస్ అప్‌డేట్ చేయడం, ఈ మూడింటితో సరిపెట్టుకోవాలి. తిప్పడానికి అంతకుమించి మరలు పెద్దగా లేవు.

ఏం చేసినా కార్డు వారంలో రెండుమూడుసార్లు డివైస్ మేనేజర్ నుంచే మాయమవుతుంటే, లేదా పసుపు త్రికోణంతో కోడ్ 10 చూపిస్తుంటే, కార్డు మార్చడం గురించి ఆలోచించవచ్చు. షాపులో విప్పించేముందు కార్డు బోర్డుకి అతికించిందా, ఊడదీసే రకమా అని అడగండి. అతికించిందైతే డాంగిలే గతి. ఊడదీసే రకంలోనూ తేడాలున్నాయి. ఇంటెల్ ఏఎక్స్210 మామూలు స్లాటులో పడుతుంది. ఏఎక్స్201, ఏఎక్స్211 దానికి సరిపడే ఇంటెల్ బోర్డుల మీద తప్ప పనిచేయవు. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, డబ్బులు పోయేది అక్కడే.

మామ సంగతి చెప్పలేదు కదూ. టిక్కు తీశాను, వారం బాగుంది, మళ్ళీ భూగోళం వచ్చింది. డ్రైవర్ జోలికి పోకుండా మూతకి హైబర్నేట్ పెట్టేశాను. పాత డిస్కు కదా, లేవడానికి నిమిషం పైన పడుతుంది. “ఇంతసేపా?” అని మొదటిరోజు సణిగాడు. ఇప్పుడు తెల్లారుజామున మూత ఎత్తి, పవర్ బటన్ నొక్కి, ముఖం కడుక్కోడానికి పోతున్నాడు. ఐదింటికి నా ఫోను మోగి మూడు నెలలైంది. ఎస్ఎస్‌డీ ఎంత పడుతుందో కనుక్కోమని మాత్రం మొన్న అడిగాడు.